గాడి పడ్డ నేల ఎవరిది?

‘మోటార్‌స్టార్మ్’ అనే వీడియో గేము 2006లో జపానులోనూ, 2007లో తక్కిన దేశాల్లోనూ వెలువడింది. చేసినది ఇంగ్లండులో 2016లో మూతపడిన ఎవల్యూషన్ స్టూడియోస్. రోడ్డులేని నేలమీద మోటారు పందెమే ఇందులో వస్తువు. జగ్గయ్యపేటలో మా విద్యార్థి ఒకడు ఆడి చూపించాడు.

కళ్ళు చెదిరే మాట నిజం. మోటారు సైకిలు మొదలు భారీ లారీ దాకా ఒకే పందెంలో దూకుతాయి. అన్నిటికన్న మెచ్చదగినది బురద. ముందుపోయిన చక్రం చేసిన గాడి చెరగక నిలిచి, మరుసటి చుట్టులో మన బండికి అడ్డుపడుతుంది. ఇక్కడ శిల్పం జీవితాన్ని తాకింది.

తాకి, వదిలేసింది. వేగం కోసం మీట అదేపనిగా నొక్కితే ఇంజను వేడెక్కి బండి పేలిపోతుంది. క్షణాల్లో మరో బండి సిద్ధం. కాస్త కాలం తప్ప పోయేదేమీ లేదు. ఆ సాయంత్రం బస్సులో నందిగామ వస్తూంటే, నల్లరేగడి పత్తిచేలో ట్రాక్టరొకటి దిగబడి కనిపించింది. ఆనాటి కూలీ, డీజిలూ ఆ రైతు నెత్తినే గదా! బురదకు అర్థం ఆ బరువే.

ఇంకొక మాట. గేములోని ఎర్రరాతి శిఖరాలు అమెరికాలోని మాన్యుమెంట్ వ్యాలీవి. అది నవాహో జాతివారి భూమి. పందెంలో వారి జాడ నాకెక్కడా కనిపించలేదు.

ఆట నీతి బోధించాలని నేననను. వినోదం ప్రజల హక్కు. కాని గాడిని గుర్తుంచుకోగలిగిన శిల్పానికి, అది ఎవరి నేలలో పడిందో అడగడం అసాధ్యం కాదు. అడగనంతకాలం అది ఆడంబరమే, కళ కాదు.