‘ది లాస్ట్ డాన్స్’ – ఒక పరిశీలన

అమెరికాలోని చికాగో బుల్స్ బాస్కెట్‌బాల్ జట్టు 1991 మొదలు 1998 వరకు ఆరు పర్యాయములు విజేతగా నిలిచినది. ఆ జట్టు కడపటి విజయయాత్రను పది భాగములలో చూపిన ‘ది లాస్ట్ డాన్స్’ 2020 ఏప్రిల్, మే నెలలలో వెలువడినది. మహమ్మారికి జడిసి లోకమంతయు ఇండ్లలో కూర్చున్న దినములవి. అవినాశి రోడ్డుమీద పీలమేడులో పి.ఎస్.జి. వారి పందెములు చూచి పెరిగిన మన పిల్లలకు ఈ ఆట క్రొత్తది కాదు. వారు చూచి మెచ్చి, మాబోటి పెద్దలకును చూపిరి.

దర్శకుడు జేసన్ హేర్ నేర్పరి. 1997–98లో జట్టు వెంట తిరిగి తీసిన దృశ్యములు ఇరువదేండ్లకు పైగా మరుగున పడియుండెను. వానిని వెలికిదీసి, గతమును వర్తమానమును ముడివేసి, ఎక్కడను విసుగు పుట్టనీయక నడపినాడు. తోడివారియెడ తన కాఠిన్యమును సమర్థించుకొనుచు మైకేల్ జోర్డాన్ కన్నులు చెమర్చి, ఇక చాలునని లేచిన ఘట్టము మరపురానిది.

ఐనను ఒక కొరత కలదు. చిత్రనిర్మాణమున జోర్డాన్ సంస్థకే పాలు గలదు. కథానాయకుడే కథకు కాపలాదారైనచో నిజము నిలుచునా యని ప్రసిద్ధ దర్శకుడు కెన్ బర్న్స్ నాడే ఆక్షేపించెను. సహచరుడు స్కాటీ పిప్పెన్ 2021లో తన గ్రంథమున, తమ్మందరిని జోర్డాన్‌కు పరివారముగా చూపిరని వాపోయెను.

అందరికంటె అన్యాయమైనవాడు జెర్రీ క్రాస్. పిప్పెన్‌ను తెచ్చినది, ఫిల్ జాక్సన్‌ను ప్రధాన శిక్షకునిగా నిలిపినది ఈ కార్యనిర్వాహకుడే. జట్టు చెదరుటకును అతడే కారకుడని చిత్రము చూపినది. అతడు 2017లోనే గతించెను, బదులు చెప్పలేడు. చచ్చినవాని కండ్లు చేరెడందురు. ఇతనికి ఆ చేరెడును దక్కలేదు. 2024 జనవరి 12న చికాగోలో జరిగిన సన్మానసభలో అతని పేరు వినగానే ప్రేక్షకులు ఈసడించిరి. అతని భార్య అక్కడనే కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. ఆటగాండ్రు, శిక్షకులు ‘మాత్రమే’ గెలిపింపరు, సంస్థయు గెలిపించునని తాననగా, ‘మాత్రమే’ యను మాటను పత్రికలవారు విడిచిరని అతని మొర. దస్త్రములలో బ్రదుకు గడపిన మాకు, ఒక్క మాట జారినంత అర్థమెట్లు తలక్రిందులగునో తెలియును.

మన అవినాశీశ్వరుని తేరు కదలునపుడు అందరి చూపు పైనున్న ఉత్సవమూర్తిమీదనే. చక్రముల క్రింద చెక్కమొద్దులు వేయుచు, ప్రాణమునకు తెగించి తేరును మలుపు త్రిప్పువారిని ఎవ్వరు చూతురు? వారు లేనిదే తేరు మలుపు దాటదు. జోర్డాన్ గొప్పతనమును మేము కాదనము. మొద్దులు వేసినవానిని తేరు నిలిపినవానిగా చూపుట మాత్రము తగదు.

ఈ మాట చికాగోకే చెల్లునది కాదు. మన కుటుంబముల చరిత్ర చాలవరకు నోటిమాటగనే నిలిచియున్నది. పలువురు పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. ఎవరి గొంతు పెద్దదో వారి కథయే రేపు చరిత్ర యగును. ఇట్టి సంచికలలో పెద్దల చిత్రముల ప్రక్కన, పద్దులు వ్రాసినవారి మాటయు, వంటశాలలో నిలిచిన తల్లుల మాటయు, అలిగి వెడలిపోయినవారి మాటయు చేరవలెను. వారు జీవించియుండగనే అడిగి వ్రాయుట మేలు.