తెల్లపిల్లిని ఎవరడిగారు?

మొన్న నల్లగొండలో మా చెల్లెలింట్లో పిల్లలు ‘టామ్ అండ్ జెర్రీ’ పెట్టుకుని కూర్చుంటే, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ నేనూ పక్కన చేరాను. ‘బ్లూ క్యాట్ బ్లూస్’ అట. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా 1956లో తీసిన చిన్న బొమ్మల సినిమా. నవ్వుకుందామని కూర్చున్నదాన్ని, చేతిలో చిక్కుడుకాయ మరిచిపోయాను.

కథ మనకు కొత్తదేం కాదు. టామ్ ఒక తెల్లపిల్లిని ప్రేమిస్తాడు. డబ్బున్న బుచ్ అడ్డం వస్తాడు. టామ్ ఒక పువ్విస్తే అతను పెద్ద పూలచక్రమే తెస్తాడు. టామ్ కొన్న ఉంగరంలో రాయిని భూతద్దంతో వెతుక్కోవాలి. బుచ్ ఉంగరం చూడాలంటే మొహానికి వెల్డింగు ముసుగు కావాలి. చివరికి ఒక డొక్కు కారు కోసం టామ్ తనను తానే అప్పు కాగితాలకు రాసిచ్చేస్తాడు. ఇక్కడ అమెరికా వాళ్ళు నవ్వి ఉంటారు. మేస్త్రీ దగ్గర ముందుగా పైసలు తీసుకుని, అది తీర్చడానికి దేశాలు పట్టిపోయిన పాలమూరు కూలీల కథలు వింటూ పెరిగిన నాకు నవ్వు రాలేదు. సినిమా మొత్తంలో నిజమైన ముక్క అదే.

ఆ తర్వాత టామ్ పాలు తాగి తాగి చెడిపోతాడు. మన ‘దేవదాసు’ 1953లోనే వచ్చింది కదా! కాని ఒక తేడా ఉంది. పార్వతి అర్ధరాత్రి దేవదాసు గదికి వచ్చి తన మనసు చెప్పుకుంటుంది. సావిత్రి కళ్ళు చూశాక ఆమెను తప్పుపట్టడానికి నోరు రాదు. తెల్లపిల్లికి ఒక్క మాటైనా లేదు. కథంతా జెర్రీ చేత చెప్పించారు. స్నేహితుడికి పక్షపాతం ఉండదా మరి? చివర్లో జెర్రీ ప్రియురాలూ ఇంకొకణ్ణి పెళ్ళాడి పోతుంది. ఎందుకో చెప్పరు. మిత్రులిద్దరూ రైలు పట్టాల మీద కూర్చుంటారు, కూత దగ్గరవుతుంది, అయిపోతుంది. అప్పు చేసిన చేటును ఆడదాని నెత్తిన రుద్ది చేతులు దులుపుకున్నారనిపించింది.

“పెద్దమ్మా, ఆ తెల్లపిల్లికి ఎవరు కావాల్నో ఎవరన్నా అడిగిన్రా?” అంది చెల్లెలి కూతురు.

నాకు జవాబు రాలేదు. నా మొదటి నవలలో నాయిక డబ్బున్నవాణ్ణి కట్టుకుని వెళ్ళిపోతుంది, నాయకుడు కుమిలిపోతాడు. చదివి ఏడ్చామని మీలో కొందరు ఉత్తరాలు రాస్తే మురిసిపోయాను కూడా. ఆ పిల్లను మాత్రం నేనూ ఒక్క మాట అడగలేదు. ఆమె పేరు మీకెవరికైనా గుర్తుందా? నిజం చెప్పొద్దూ, నేనే మళ్ళీ పుస్తకం తీసి చూసుకోవలసి వచ్చింది.