లింబాయత్ టీచరమ్మకు

టీచరమ్మా, మిమ్మల్ని ఒక్క పేరుతో పిలవలేను. సూరత్‌లో, ఈ లింబాయత్ లాంటి పేటల మున్సిపల్ తెలుగు బడుల్లో గొంతు అరగదీసి, ఆదివారం ఆరాధనలో కీర్తన ఎత్తుకుని, ఒకరి వెనక ఒకరుగా ప్రభువు పిలుపందుకున్న పంతులమ్మలందరూ నాకు మీరే.

సాంచాల, అదే మరమగ్గాల, మోతను మించి అచ్చులు పలికించిన తల్లీ, వందనం. వరంగల్, కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి వచ్చిన పద్మశాలీల పిల్లలు మీ ముందు కూర్చునేవారు. ఇల్లంటే ఒక్క గది. నాయిన రాత్రిపాళీ దిగి పడుకునుంటాడు, అమ్మ చీరల దారాలు కత్తిరిస్తుంటుంది. ఇంటిపని చెయ్యని పిల్లాణ్ణి మీరు కొట్టలేదు, మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని చేయించారు. వీధి నిండా తలగీత లేని గుజరాతీ బోర్డులే కదా, వాడి పలక మీద తలకట్టు ఎగిరిపోయేది. "నీ క టోపీ మరిచొచ్చిందిరా" అని వాడి వేలు పట్టి ఆ చిన్న గీత పెట్టించేవారు.

ఏడు భాషల్లో బడులు నడిపే నగరం ఇది. అందులో తెలుగు నిలిచిందంటే ఉత్తర్వులొక్కటే కారణమా? ప్రతి జూన్‌లో గడపగడపకూ తిరిగి అరిగిన మీ చెప్పులు కూడా. "ఇక్కడ తెలుగెందుకు టీచర్?" అన్నవాళ్లతో మీరు వాదించలేదు. ఊరి నుంచి తాత రాసిన ఉత్తరం వాళ్ల బిడ్డ చేతికిచ్చి, పైకి చదవమన్నారు.

లండన్ మిషనరీ సొసైటీ 1805లో విశాఖపట్నంలో, 1815లో ఈ సూరత్‌లో అడుగుపెట్టింది. అక్కడివాళ్లు సువార్తల్ని తెలుగు చేశారు, ఇక్కడ 1821లో గుజరాతీ కొత్త నిబంధన అచ్చయింది. వాక్యం చదవాలంటే ముందు అక్షరం రావాలన్న ఆ పాత పట్టుదలే మీదీను. అయినా బడిలో వాక్యం ఎత్తలేదు. గుంటూరు లూథరన్ ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పిన జాషువా పద్యాన్ని పద్యంగానే చెప్పారు. బతుకమ్మ నాడు పిల్లలు తెచ్చిన సత్తుపిండి అందరి ముందూ తిన్నారు. సంఘంలో ఒకరిద్దరు మొహం చిట్లించారట. చిట్లించుకోనీ.

ఆదివారం తెల్లచీర, చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అక్కడా మీరు టీచరే! ప్రసంగం మధ్యలో గుసగుసలాడే పెద్దమనుషులు మీ చూపు తగిలితే నోరు మూసేవారు. కీర్తన నంబరు చెప్పగానే పుటలు తిప్పలేక దిక్కులు చూసే అమ్మల్ని కనిపెట్టి, ఆరాధన ముగిశాక చాప మీద కూర్చోబెట్టి అంకెలు దిద్దించారు. అంకెల తర్వాత అక్షరాలు. ఆ అమ్మలే ఇవాళ రేషన్ కార్డులో ఇంటిపేరు తప్పు పడితే పట్టుకుంటున్నారు, ఆఫీసు కిటికీ ముందు నిలబడి దిద్దించుకునే దాకా కదలడం లేదు.