పక్క పాత్ర చేసే పని

అమెరికా కాలేజీల్లో నటన నేర్పే తరగతుల్లో సీన్ స్టడీ అనే పాఠం ఒకటుంది. ఒక నాటకంలోంచి పది నిమిషాల రంగం తీసుకుని ఇద్దరు విద్యార్థులు సాధన చేస్తారు. తోటివాళ్ళ ముందు ఆడి, విమర్శ విని, మళ్ళీ ఆడతారు. మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో ఒక సెమిస్టరు సాయంత్రాలు నేనూ ఈ తరగతికి వెళ్ళాను. నటుణ్ణి కావాలని కాదు, నాటకం చదవడం తెలుస్తుందని. ఆ పద్ధతిలో మన నాటకాలను చూస్తే ఏం తేలుతుందన్నదే ఈ వ్యాసం.

పద్ధతికి మూలపురుషుడు రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ (1863–1938). ప్రతి పాత్ర గురించీ మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎదుటి మనిషి నుంచి ఇతనికి ఏం కావాలి? దానికి అడ్డేమిటి? దాన్ని రాబట్టడానికి ఏమేం చేస్తున్నాడు? మొదటిదాన్ని ఇంగ్లీషులో ఆబ్జెక్టివ్ అంటారు. అది 1936 నాటి ఎలిజబెత్ హాప్‌గుడ్ అనువాదంలోని మాట. స్తానిస్లావ్‌స్కీ వాడిన రష్యన్ మాట 'జదాచా'. బడిలో పిల్లలకిచ్చే లెక్కనీ ఆ మాటతోనే పిలుస్తారు. 2008లో వచ్చిన జీన్ బెనెడెట్టి అనువాదం దీన్ని టాస్క్‌గా మార్చింది. ఇంజనీరింగ్ చదివినవాడికి ఈ తేడా చిన్నది కాదు. లక్ష్యం ఎక్కడో దూరాన ఉంటుంది. లెక్క మాత్రం ఇప్పుడే, ఇక్కడే తేల్చాలి.

తరగతిలో చూసిన రంగాల్లో టెనెసీ విలియమ్స్ 'ది గ్లాస్ మెనాజరీ' (1944) చివర్లో లారా, జిమ్ కొవ్వొత్తి వెలుగులో మాట్లాడుకునేది ఒకటి. జిమ్ మాటకారి, లారా బిడియస్థురాలు. పైకి రంగమంతా జిమ్‌దే అనిపిస్తుంది. లారా వేషం వేసిన అమ్మాయి తన వంతు కోసం ఎదురుచూడడం మాని, అతను చెప్పేది నిజంగా వినడం మొదలుపెట్టిన రోజున రంగం ఆమెదైపోయింది. అతనికి వేరే అమ్మాయి ఉందని తెలిశాక, కొమ్ము విరిగిన గాజుబొమ్మను లారా అతని చేతిలోనే పెడుతుంది. అంతసేపూ ఆమె విన్న తీరు వల్లే ఆ చిన్న పనికి అంత బరువు.

ఇవే ప్రశ్నలతో 'కన్యాశుల్కం' తీసి చూడండి. 1892లో తొలిసారి ఆడిన ఈ నాటకాన్ని గురజాడ 1897లో అచ్చువేసి, 1909లో తిరగరాశారు. గిరీశం మాటలు మనలో చాలామందికి కంఠస్థం. ఆ వేషానికి పోటీ కూడా ఉంటుంది. బుచ్చమ్మ వేషానికి ఉండదు. వెర్రిబాగుల పిల్లగా ఆడేస్తే నవ్వులొస్తాయి, అక్కడితో సరి. కానీ ఆమెకూ ఒక లెక్క ఉంది. చెల్లెలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు కట్టబెట్టబోతున్నారు. ఆ పెళ్ళి ఆగాలి. తనతో లేచివస్తే పెళ్ళి ఆగుతుందని గిరీశం నమ్మబలికేది ఆ కోరికను పట్టుకునే. ఆమె కోరికను నటించకపోతే అతని మోసం ఉత్త వినోదంగా మిగులుతుంది. నటిస్తే మనం నవ్వుతూనే సిగ్గుపడతాం. గురజాడ కోరినదీ అదే అనుకుంటాను.

పద్యనాటకానికి ఈ కొలతలు పనికిరావని కొందరంటారు. సగం నిజమే. 'పాండవోద్యోగ విజయాల' రాయబారంలో రాగం తీసి పాడే పద్యానిది సంగీతపు సుఖం, వన్స్‌మోర్ అనడంలో తప్పులేదు. అయినా కృష్ణుడు పాడుతున్నంతసేపూ దుర్యోధనుడు కిరీటం సర్దుకుంటూ నిలబడితే, ఆ సంధి మాటలు ఎవరికి చెబుతున్నట్టు?

అసలు లోపం మరోచోట ఉంది. ఈ పద్ధతి వేదిక మీదున్న ఇద్దరినే ప్రశ్నిస్తుంది. సుబ్బి నోట మాటలే తక్కువ, ఆమెకేం కావాలో అడిగేవారు లేరు. నాటకం నడిచేది మాత్రం ఆమె చుట్టూనే. పది నిమిషాల ముక్కలో సుబ్బి కనిపించదు. ఆమె కోసం నాటకమంతా చదవాల్సిందే.

మన పండుగ కార్యక్రమాల్లో పిల్లలు తెలుగు సంభాషణలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని బట్టీపట్టి అప్పజెబుతారు. మనం చప్పట్లు కొడతాం. ఈసారి ఇద్దరు పిల్లలకు ఒకే రంగం ఇచ్చి, "నీకు వాడి దగ్గర ఏం కావాలి?" అని అడిగి చూడండి. జవాబు చెప్పాలంటే ఎదుటివాడి తెలుగు అర్థం కావాలి. బట్టీతో ఆ పని జరగదు.