రహీం సాబ్ కట్టిన జట్టు

1962 ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌తో ఆడుతూ భారత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలించుకున్నాడు. కుట్లు పడ్డాయి. జట్టులో వెనక వరుసకు అతనే గోడ. అలాంటివాణ్ని కోచ్ పక్కన కూర్చోబెట్టాలి, లేదా కట్టు కట్టి పాత చోటే నిలబెట్టాలి. హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ రెండూ చేయలేదు. సెమీఫైనల్‌లో అతణ్ని ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన ఆ ఆటలో చునీ గోస్వామి రెండు గోల్స్ కొడితే జర్నైల్ ఒకటి కొట్టాడు. సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాతో ఫైనల్. 17వ నిమిషంలో పీకే బెనర్జీ, 20వ నిమిషంలో మళ్లీ జర్నైల్. 2-1తో బంగారు పతకం మనది.

దీన్ని జూదం అనేవాళ్లున్నారు. దగ్గరగా చూస్తే జూదం తక్కువ, లెక్క ఎక్కువ. జర్నైల్ వదిలిన చోటును నింపడానికి అరుణ్ ఘోష్ ఉన్నాడు. ముందు వరుసలో పీకే, చునీ, తులసీదాస్ బలరాంల చురుకుదనానికి కొదవ లేదు. లేనిదల్లా ఎదుటి డిఫెండర్లు ఎంత తోసినా కదలని దేహబలం. అది జర్నైల్ దగ్గర ఉంది. ఒకణ్ని కదిపితే వెనక పడే చిల్లు ఎంత, ముందు వచ్చే లాభం ఎంత అని రహీం తూచారు. ఫైనల్‌కు గోల్ కీపర్‌ను కూడా మార్చారు. ఫ్లూతో పడి లేచిన పీటర్ తంగరాజ్‌ను, ఆ పొడుగు మనిషిని, ప్రద్యుత్ బర్మన్ స్థానంలో దించారు. అదే టోర్నీ తొలి మ్యాచ్‌లో ఇదే కొరియా చేతిలో మనవాళ్లు 0-2తో ఓడారు. ఆ ఓటమిలో ఏం చూశారో ఫైనల్‌కు పెట్టిన జట్టే చెబుతుంది.

రహీం బడిపంతులు. ఉస్మానియాలో చదివి, కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీస్ జట్టుకు, భారత జట్టుకు కూడా కోచ్. ఆయన చేతిలో సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ పనితనం రహస్యం మాత్రం పెద్ద కప్పుల్లో కాక ఆయన పెట్టిన చిన్న పోటీల్లో ఉంది. ఒక పోటీలో డ్రిబ్లింగ్ చేయకూడదు. బంతి కాలికి తగలగానే పాస్ ఇవ్వాల్సిందే. ఇంకో పోటీలో వాటం లేని కాలితోనే తన్నాలి. కుడికాలి ఆటగాడికి ఎడమ కాలే గతి.

ఈ నియమాల్లో పంతులి తెలివి ఉంది. బంతిని పట్టుకుని వేలాడే కుర్రాడికి ‘పాస్ ఇవ్వరా’ అని పదిసార్లు అరిస్తే పదకొండోసారి మరిచిపోతాడు. అరవడం మానేసి ఆట నియమాన్నే మార్చేస్తే, పాస్ ఇవ్వక వాడికి దారే ఉండదు. పాస్ ఒక్క తాకుతో పోవాలంటే, బంతి రాకముందే తోటివాడు ఎక్కడున్నాడో చూసి పెట్టుకోవాలి. అలా తల ఎత్తి ఆడటం అలవాటవుతుంది. రెండో కాలు పని చేస్తే మైదానంలో ఏ పక్కనైనా నిలబడగలుగుతాడు. జకార్తాలో ఆటగాళ్లను అటూ ఇటూ మార్చగలిగిన కోచ్ వెనక ఉన్నది ఈ బడి పద్ధతే.

ఆయనకు ఓటములు లేవని కాదు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా 10-1తో చితక్కొట్టింది. మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తర్వాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది వేరే జట్టు. హంగరీ బాటలో రహీం ఒక ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి, అతని ద్వారా ఆటను అల్లించారు. బ్రెజిల్ 1958 ప్రపంచ కప్‌లో 4-2-4 వ్యూహాన్ని లోకానికి చూపక ముందే మన జట్టు ఆ దారిలో నడిచింది. ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సెమీస్‌లో అదే యుగోస్లావియాపై మొదటి గోల్ మనదే, చివరికి 1-4తో ఓడినా. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో అంతకు మించి మన దేశం ఎన్నడూ ఎదగలేదు.

మనుషుల్ని ఎంచుకోవడంలోనూ ఆయన కన్ను గట్టిది. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడకు చెందిన పేదింటి బలరాం ప్రాక్టీసుకు రావడానికి బండి లేదంటే, అద్దె సైకిల్‌కు డబ్బు ఇచ్చి రప్పించుకున్నారు. ఆ కుర్రాడే 1956, 1960 ఒలింపిక్స్ ఆడి, జకార్తాలో బంగారం తెచ్చాడు.

లోపం చెప్పాలంటే ఒకటుంది. ఆ విద్య అంతా ఒక్క మనిషి దగ్గరే ఉండిపోయింది. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో రహీం సాబ్ పోయాక, ఆయన చేసిన పనిని వ్యవస్థగా మార్చినవారు లేరు. ఆంధ్రప్రదేశ్ 1965-66లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970 ఆసియా క్రీడల్లో భారత్ కంచు పతకం తెచ్చింది. ఆ తర్వాత ఊట ఎండుతూ వచ్చింది.

ఇప్పటి జాతీయ జట్టును ఈ కొలతతో చూద్దాం. హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో ఇండియన్ సూపర్ లీగ్ ట్రోఫీ తెచ్చిన మనోలో మార్కెజ్ 2024లో భారత కోచ్ అయ్యాడు. అప్పటికే నడుపుతున్న గోవా క్లబ్ కోచ్ పదవినీ వదలలేదు. రహీం కూడా రెండు జట్లు నడిపారు కదా అనవచ్చు. కానీ ఆయన సిటీ పోలీస్‌లో తీర్చిదిద్దినవాళ్లే భారత జట్టుకు వచ్చేవారు, కాబట్టి రెండూ ఒకే పని. మార్కెజ్‌కు రెండూ వేరు వేరు. 2025 ఆగస్టులో అతని స్థానంలో ఖాలిద్ జమీల్ వచ్చాడు. కాఫా నేషన్స్ కప్‌లో ఒమన్‌ను పెనాల్టీల్లో ఓడించి మూడో స్థానం దక్కించాడు. అక్టోబర్‌లో గోవాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడడంతో 2027 ఆసియా కప్ దారి మూసుకుంది. గోల్స్ కొట్టేవాడు లేక, రిటైరైన సునీల్ ఛెత్రిని నలభై ఏళ్ల వయసులో వెనక్కి పిలవాల్సి వచ్చిందంటే జబ్బు కోచ్‌ది కాదు. కింద తయారు చేసేవాడు లేడు.

మహిళల జట్టు వైపు చూస్తే ఆశ కలుగుతుంది. 2025 జూలైలో చియాంగ్ మాయిలో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి ఆసియా కప్‌కు అర్హత సాధించారు. నిజామాబాద్ జిల్లాలోని తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఆ తరం అమ్మాయే. క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2024-25కు దేశంలో ఉత్తమ ఫుట్‌బాల్ క్రీడాకారిణిగా ఎంపికైంది.

కింద తయారు చేసేవాడు లేడన్న మాట తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు నేరుగా తగులుతుంది. మహబూబాబాద్ తండాల్లో సౌమ్య వంటి పిల్లలకు కరువు లేదు. బొగ్గు గనుల భూపాలపల్లిలోనూ, జనగామ గురుకులాల్లోనూ పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పరుగెత్తే ఆడపిల్లలున్నారు. కబడ్డీ, వాలీబాల్, క్రికెట్ వాళ్లను ముందే పట్టుకుంటాయి, ఎందుకంటే ఆ ఆటలకు పీఈటీ సారు ఉన్నారు, మండల పోటీలున్నాయి. ఫుట్‌బాల్‌కూ అంతే కావాలి. రహీం సాబ్ పద్ధతికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక బంతి, ఒక గ్రౌండ్, ఆదివారం పూట ఎడమ కాలి పోటీ, మరో ఆదివారం డ్రిబ్లింగ్ లేని పోటీ చాలు. పట్టుబట్టి ఐదేళ్లు నడిపే సారు కావాలి. ఆ సారుకు బదిలీ భయం లేకుండా చూసే అధికారి కావాలి.

జాతీయ కోచ్ విదేశీయుడా, మనవాడా అన్న వాదన ఢిల్లీలో ఎలాగూ సాగుతుంది. పన్నెండేళ్ల పిల్లకు రెండో కాలు నేర్పే పని మాత్రం మండల స్థాయిలోనే జరగాలి. భారత ఫుట్‌బాల్‌కు భవిష్యత్తు ఉందా అంటే, ఆ పని మొదలైన చోట ఉంది.