సమగ్ర పరిశీలన ఎందుకు బాబూ?

ఎం.ఏ. తెలుగు పూర్తిచేసి పీహెచ్‌డీలో చేరబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొస్తారు. "టాపిక్ ఏమనుకున్నావమ్మా?" అంటే చాలామందిది ఒకటే పాట: ఫలానావారి రచనలు – సమగ్ర పరిశీలన. మొదటి అధ్యాయం రచయిత జీవితం, రెండోది ప్రక్రియ పుట్టుపూర్వోత్తరాలు, ఆ తర్వాత కథాసారాంశాలు, చివర ముగింపు. పేరు మారిస్తే ఇంకో రచయితకూ అదే చట్రం సరిపోతుంది.

చిన్న ప్రశ్న పట్టుకోండని పోరుతుంటాను. ఒక కథ పత్రికలో పడ్డప్పుడు, సంపుటిలోకి ఎక్కినప్పుడు ఒక్కలాగే ఉందా? ఇది తేలాలంటే 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట పాత సంచికల ముందు కూర్చోవాలి. కాగితం అంచులు పొడిపొడిగా రాలుతుంటాయి. పేజీ కింద అరచెయ్యి ఆనించి మెల్లగా తిప్పాలి. సంపుటిలో నాలుగు వాక్యాల్లో తేలిపోయిన ముగింపు పత్రికలో పేజీన్నర ఉండొచ్చు. కోసిందెవరు? రచయితా, సంపాదకుడా, చోటు చాలక ప్రెస్సువాళ్లా? అసలు పని అక్కడ మొదలవుతుంది. "ఇవన్నీ ఎవరికండీ కావాలి?" అంటుంది మా ఆవిడ. నాకు కావాలి!

బిరుదురాజు రామరాజు గారు ఏకంగా తెలుగు జానపద గేయాల మీదే థీసిస్ రాశారు కదా, అది పెద్ద విషయం కాదా అని ఒకబ్బాయి ఎదురడిగాడు. నిజమే. కానీ ఆయన ఊళ్లు తిరిగి పాటలు సేకరించుకున్నారు. ముడిసరుకు తానే మోసుకొచ్చినవాడికి ఎంత పెద్ద విషయమైనా చెల్లుతుంది. లైబ్రరీ పుస్తకాలు నాలుగు ముందేసుకున్నవాడికి చెల్లదు.

పైగా గడువొకటి. యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం మూడేళ్లు, మామూలుగా గరిష్ఠం ఆరేళ్లు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు నెలకు 37,000 రూపాయలు ఇచ్చేలా 2023లో పెంచారు. అది రానివాళ్లలో ఎందరో ఏ ప్రైవేటు కాలేజీలోనో పాఠాలు చెప్పుకుంటూ సెలవు రోజుల్లో థీసిస్ రాస్తుంటారు. చిన్న ప్రశ్న అవసరం వాళ్లకే ఎక్కువ. థీసిస్ ఇచ్చేముందు వ్యాసం అచ్చవ్వాలన్న నిర్బంధాన్నీ యూజీసీ ఆ నిబంధనల్లోనే ఎత్తేసింది. డబ్బు పుచ్చుకుని ఏదైనా అచ్చేసే పత్రికల గిరాకీ దాంతోనైనా తగ్గితే సంతోషం.

సినాప్సిస్ రాయబోయే పిల్లలకు ఒక్క మాట. ముందు శోధ్‌గంగ తెరవండి. దేశంలోని ఎన్నో విశ్వవిద్యాలయాల థీసిస్‌లు అక్కడ ఉచితంగా చదువుకోవచ్చు. మీ రచయిత మీద వచ్చినవాటిలో ఒకటి రెండు ఆసాంతం చదవండి. ఆధారం చూపకుండా తేల్చేసిన వాక్యం కనిపించిన చోటల్లా గుర్తు పెట్టుకోండి. వాటిలో మిమ్మల్ని నిద్రపోనివ్వని వాక్యం ఏదో ఎంచుకుని, దాన్ని పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్లండి.