సూదితో రాసిన ప్రోగ్రామ్

1969 నాటి ఒక నలుపు తెలుపు ఫొటో ఇప్పటికీ తరచూ కనిపిస్తుంటుంది. నిలబడి ఉన్న ఒక యువతి, పక్కన ఆమె ఎత్తున పేర్చిన కాగితాల దొంతర. ఆమె మార్గరెట్ హామిల్టన్. అమెరికాలోని ఎంఐటీ ఇన్‌స్ట్రుమెంటేషన్ లేబొరేటరీలో అపోలో నౌకల ప్రోగ్రాములు రాసిన బృందాన్ని నడిపించిన మనిషి. ఆ దొంతర ఆ ప్రోగ్రాముల అచ్చుప్రతి. చూసినవాళ్లందరూ కాగితం ఎత్తుకే ఆశ్చర్యపోతారు గానీ, అసలు విడ్డూరం ఆ తర్వాతి మెట్టులో ఉంది. ఆ కాగితం మీది సున్నాలూ ఒకట్లూ నౌకలోకి ఎలా ఎక్కాయి? ఏ టేపు మీదో, డిస్కు మీదో రికార్డు చేసి పంపలేదు. మసాచుసెట్స్ రాష్ట్రంలోని వాల్తమ్ అనే ఊళ్లో, రేథియన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఆడవాళ్లు కూర్చుని, సూదీ తీగా పట్టుకుని వాటిని ఒక్కొక్కటిగా అల్లారు. చంద్రుడి మీద దిగిన ప్రోగ్రామ్ అక్షరాలా చేతి అల్లిక.

ఇంజినీర్లు దానికి 'కోర్ రోప్ మెమరీ' అని పేరు పెట్టుకున్నారు. అదే లేబొరేటరీలో రమోన్ అలోన్సో, హాల్‌కోమ్ లానింగ్ వంటివాళ్లు అంగారకుడి దగ్గరికి పంపాలనుకున్న ఓ చిన్న నౌక కోసం దీన్ని ఆలోచించారు. ఆ నౌక ఎప్పుడూ ఎగరలేదు. 1961 ఆగస్టులో అపోలో మార్గదర్శక వ్యవస్థ తయారీ ఈ లేబొరేటరీ చేతికి వచ్చినప్పుడు ఆ ఆలోచన అక్కరకొచ్చింది. కంప్యూటర్ నిర్మాణ బాధ్యత ఎల్డన్ హాల్‌ది. ఒక గది నిండా ఉండే యంత్రాన్ని 32 కిలోల పెట్టెలోకి కుదించాలి. అది 55 వాట్ల కరెంటుతో, అంటే ఒక పాతకాలపు బల్బుకు పట్టే కరెంటుతో నడవాలి. రాకెట్ అదురుకీ, అంతరిక్షపు చలికీ వేడికీ తట్టుకోవాలి. కరెంటు పోయినా అందులో రాసింది చెరిగిపోకూడదు.

అల్లిక అంటే చిన్న చిన్న ఉంగరాల్లోంచి తీగ దూర్చడం. ముందు ఆ ఉంగరం సంగతి చూద్దాం. పర్మలాయ్ అనే నికెల్, ఇనుము మిశ్రలోహాన్ని అతి పలుచని రిబ్బనుగా సాగదీసి, చిన్న బాబిన్‌కు చుట్టి దాన్ని చేస్తారు. దాని అయస్కాంతత్వం ఒక దిక్కుకో, దానికి ఎదురు దిక్కుకో తిరిగి ఉంటుంది. కరెంటు పంపి ఆ దిక్కును మార్చితే, మారే ఆ లిప్తలో ఉంగరం లోపలినుంచి వెళ్లే ప్రతి తీగలోనూ చిన్న విద్యుత్ తుళ్లింత పుడుతుంది. ఉంగరం పక్కనుంచి పోయిన తీగలో ఏమీ పుట్టదు. తుళ్లింత వస్తే ఒకటి, రాకపోతే సున్నా. తీగ ఉంగరంలో దూరిందా, బయటినుంచి పోయిందా అన్నదొక్కటే ఇక్కడ రాత. దాన్ని చెరపాలంటే తీగను కత్తిరించడం తప్ప దారి లేదు.

ఆ రోజుల్లో మామూలు కంప్యూటర్లలోనూ ఇలాంటి ఉంగరాల మెమరీయే ఉండేది. కాకపోతే అక్కడ ఒక ఉంగరం ఒక్క బిట్‌నే దాచుకునేది. ఇక్కడ ఒకే ఉంగరానికి 192 తీగలు సంబంధపడి ఉంటాయి, కొన్ని లోపలినుంచి, కొన్ని వెలుపలినుంచి. అంటే ఒక్క ఉంగరం 192 బిట్లు చెబుతుంది. 16 బిట్లకు ఒక మాట చొప్పున 12 మాటలు. ఉంగరం ఒకసారి తిరగబడితే 12 మాటలూ ఒకేసారి పలుకుతాయి, అందులో కావలసిన ఒక్క మాటనే కంప్యూటర్ వింటుంది. బరువు పెరగకుండా మెమరీ పెంచడానికి ఇంతకంటే పొదుపైన ఉపాయం ఆనాడు ఇంకొకటి కనిపించదు.

ఏ ఉంగరం తిరగబడాలో నిర్ణయించే పద్ధతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. కావలసిన ఉంగరాన్ని వెతికి కదిలించడం కాకుండా, అక్కర్లేని ఉంగరాలన్నిటినీ కదలకుండా అదిమిపెడతారు. దానికోసం వేరే తీగలు ఉంటాయి. చిరునామాలోని ఒక్కో అంకెకూ ఒక్కో జత. వాటిలో కరెంటు పారినంతసేపూ ఆ తీగ దూరిన ఉంగరాలన్నీ బిగుసుకుపోతాయి. మేస్టారు తరగతిలో అందరినీ కూర్చోబెట్టి ఒక్కణ్ణి మాత్రం వదిలేస్తే, ఆ నిలబడినవాడే పాఠం అప్పజెప్పాలన్నట్టు, ఏ తీగా అదిమిపెట్టని ఆ ఒక్క ఉంగరం తిరగబడి తన మాట చెబుతుంది. ఈ చిరునామా తీగలు కూడా అల్లినవే. ఏ మాట ఎక్కడ ఉందో తెలిపే సూచికా, ఆ మాటా రెండూ ఒకే అల్లికలో ఇమిడిపోయాయి.

ఇక లెక్క. ఈ మెమరీని మాడ్యూళ్లుగా విడదీసి అల్లేవారు, ఒక్కోదాంట్లో 512 ఉంగరాలు. 192 తీగలతో గుణిస్తే 98,304 బిట్లు. కంప్యూటర్‌లో ఇలాంటి మాడ్యూళ్లు ఆరు, అంటే మొత్తం 36,864 మాటలు. నేటి లెక్కలో 72 కిలోబైట్లు. సెల్‌ఫోన్‌లో తీసే ఫొటో అంతకంటే పెద్దదని పోల్చి నవ్వుకోవడం అలవాటైపోయింది. ఆ పోలికతో ఏమీ తెలియదు. ఆ ఫొటోలోని బిట్లను ఎవరూ చేత్తో ముట్టుకోలేదు. ఇక్కడ దాదాపు 5 లక్షల 90 వేల చోట్ల తీగ లోపలినుంచి పోవాలా, బయటినుంచి పోవాలా అన్నది తేలాలి. ఒక్కచోట పొరపాటు పడ్డా అక్కడ ఒక ఆదేశం మారిపోతుంది. ప్రతి మాటకూ 15 బిట్ల పక్కన సరిచూసుకోవడానికి 16వ బిట్ ఒకటి చేర్చింది అందుకే. ఈ మొత్తం ఒక్క కంప్యూటర్‌కు. చంద్రుడి మీద దిగే ఒక్కో యాత్రకు ఇలాంటి కంప్యూటర్లు రెండు: చంద్రుడి చుట్టూ తిరిగే కమాండ్ మాడ్యూల్‌లో ఒకటి, చంద్రుడి మీద దిగే వాహనంలో ఒకటి. అపోలో 11లో మొదటిదాని ప్రోగ్రామ్ పేరు కొమాంచీ 55, రెండోదాని పేరు లూమినరీ 99.

వాల్తమ్ గడియారాలకు పేరుపడిన ఊరు. చుట్టుపక్కలంతా బట్టల మిల్లులు. రెండు పరిశ్రమలూ వెనకపట్టు పట్టాక, సన్నని పనికి అలవాటుపడిన చేతులు అక్కడ చాలా మిగిలాయి. రేథియన్ ఆ చేతులను పనిలోకి తీసుకుంది. పని ఇలా సాగేది. ప్రోగ్రామ్‌ను రంధ్రాల టేపు మీదికి ఎక్కిస్తారు. ఆ టేపు చెప్పినట్టు ఒక యంత్రం ఉంగరాల చట్రాన్ని అటూ ఇటూ జరిపి, తీగ దూరవలసిన ఉంగరాన్ని సరిగ్గా ఒక కంత ఎదుటికి తెచ్చి ఆపుతుంది. అల్లే ఆమె తీగ ఉన్న సూదిని ఆ కంతలోంచి అవతలికి పంపుతుంది. చట్రం మళ్లీ జరుగుతుంది. సూది మళ్లీ ఇవతలికి వస్తుంది. సున్నా పడవలసిన ఉంగరం కంత ముందుకు రానే రాదు, తీగ దాని పక్కనుంచి సాగిపోతుంది. 1965లో ఎంఐటీ తీసిన ఒక టీవీ కార్యక్రమంలో ఈ పని కనిపిస్తుంది. చూస్తూ ఉంటే ఏదో తేలిక పనిలాగే ఉంటుంది, అదే దాని గొప్ప.

ఎందుకంటే ఏ కంతో యంత్రం చూపిస్తుందే గానీ, తీగ బతికేదీ చచ్చేదీ చేతిలో ఉంది. బిగుతు ఎక్కువైతే తీగ తెగుతుంది, వదులైతే పక్కదానికి చిక్కుకుంటుంది. పైనున్న సన్నని పూత ఎక్కడ గీసుకున్నా రెండు తీగలు ఒకదాన్నొకటి తాకి రెండు బిట్లూ పాడవుతాయి. ఒక మాడ్యూలు పూర్తి కావడానికి సుమారు 8 వారాలు పట్టేది. ఆ తర్వాత దాన్ని పరీక్ష యంత్రానికి తగిలించి, ప్రోగ్రామ్‌తో బిట్ బిట్‌గా సరిపోల్చేవారు. సరిపోతే రెసిన్ పోసి గట్టిపరిచేవారు. ఇక అందులోకి ఎవరి వేలూ దూరదు.

ఇంజినీర్లు ఈ పద్ధతికి 'లిటిల్ ఓల్డ్ లేడీ' మెమరీ అని ముద్దుపేరు పెట్టారు. ముసలమ్మలు కుట్టేదని. అందులో ఎంత మెచ్చుకోలు ఉందో అంత చిన్నచూపూ ఉంది. ఒక ప్రోగ్రామ్ విడుదలకు బాధ్యుడైన ఇంజినీరుకు 'రోప్ మదర్' అని బిరుదు ఉండేది. ఆయన పేరు కాగితాల మీద ఉంది. రోప్ అల్లిన ఆడవాళ్లలో ఎక్కువమంది పేర్లు ఎక్కడా లేవు. అపోలో కథలో ఇలాంటి చేతులు ఇంకోచోట కూడా ఉన్నాయి. వ్యోమగాముల దుస్తులు కుట్టింది ఇంటర్నేషనల్ లేటెక్స్ కార్పొరేషన్, ప్లేటెక్స్ పేరుతో బ్రాలూ గర్డిల్సూ అమ్మిన కంపెనీ. 1965 పోటీలో పేరుమోసిన విమాన పరికరాల సంస్థలను వెనక్కి నెట్టి అది గెలిచింది. 21 పొరల దుస్తుల్లో ఎక్కడైనా గుండుసూది మిగిలిపోయిందేమోనని ఎక్స్‌రే తీసి చూసేవారు. ఆ దర్జీ పని గురించి పుస్తకాలు వచ్చాయి. రోప్ పని ఇంకా ఎక్కువగా ఇంజినీర్ల జ్ఞాపకాల్లోనే ఉంది.

చేత్తో అల్లిన ప్రోగ్రామ్ ఇంజినీర్ల పనితీరునూ మార్చింది. ప్రయోగానికి నెలల ముందే రాత ముగియాలి, ఎందుకంటే అల్లడానికి వ్యవధి కావాలి. అల్లాక తప్పు బయటపడితే దారులు రెండే: మాడ్యూలును మళ్లీ అల్లించడం, లేదా ఆ తప్పుతో సర్దుకుపోవడం. చాలాసార్లు రెండోదే చేశారు. 'ఫలానా సమయంలో ఫలానాది నొక్కవద్దు' అని వ్యోమగాముల కాగితాల్లో ఒక వాక్యం చేర్చేవారు. హామిల్టన్ చెప్పిన ఒక ముచ్చట ఉంది. ఆమె చిన్న కూతురు లేబొరేటరీలో నమూనా కంప్యూటర్‌తో ఆడుకుంటూ, నౌక ఎగురుతుండగా ప్రయోగానికి ముందు వాడే P01 అనే ప్రోగ్రామ్‌ను పిలిచింది. వ్యవస్థ కుప్పకూలింది. అలా జరగకుండా అడ్డుకునే ఆదేశాలు చేర్చుదామని తల్లి అడిగితే, వ్యోమగాములు అలాంటి పొరపాటు చేయరులే అని పైవాళ్లు కొట్టిపారేశారు. కాగితంలో ఒక హెచ్చరిక మాత్రం చేరింది. 1968 డిసెంబరులో అపోలో 8లో జిమ్ లోవెల్ సరిగ్గా అదే P01ను పిలిచాడు. నౌక ఎక్కడుందో ఎటు తిరిగి ఉందో తెలిపే అంకెలు గల్లంతయ్యాయి. అవి మార్చి రాసుకునే 2,048 మాటల చిన్న మెమరీలో ఉన్నవి. అల్లిన ప్రోగ్రాముకు ఏమీ కాలేదు గనుక, కొత్త అంకెలు ఎక్కించి, నక్షత్రాలు చూసి దిక్కు సరిచేసుకుని పని సాగించారు.

అల్లికకున్న ఆ మొండితనం 1969 నవంబరు 14న ఇంకోసారి బయటపడింది. అపోలో 12 వానమబ్బుల్లోంచి లేచింది. 36 సెకన్లకు ఒక పిడుగు, 52 సెకన్లకు ఇంకొకటి. కమాండ్ మాడ్యూల్‌లో హెచ్చరిక దీపాలు దాదాపు అన్నీ ఒకేసారి వెలిగాయి, దిక్కు చూపే వేదిక గతి తప్పింది. కంప్యూటర్ మాత్రం ఆగి, తనంతట తాను మళ్లీ మొదలైంది. చదువుకోవలసిన ప్రోగ్రామ్ తీగల్లో ఎలా ఉన్నది అలాగే ఉంది.

అదే మొండితనం 1971 ఫిబ్రవరిలో అపోలో 14కు గండమైంది. చంద్రుడి మీదికి దిగే ముందు, దిగడం మానుకుని వెనక్కి పొమ్మని చెప్పే అబార్ట్ మీట తనంతట తానే నొక్కుకున్నట్టు సంకేతం పంపసాగింది. మీట లోపల టంకం ముక్క ఒకటి అటూ ఇటూ దొర్లుతోందని అనుమానం. దిగుతుండగా ఆ సంకేతం వస్తే కంప్యూటర్ యాత్ర ఆపేస్తుంది. మీటను పట్టించుకోకు అని ప్రోగ్రామ్‌లో రాద్దామంటే, ప్రోగ్రామ్ రెసిన్‌లో గట్టిపడి ఉంది. భూమ్మీద డాన్ ఐల్స్ అనే కుర్ర ప్రోగ్రామర్ ఇంకో దారి పట్టాడు. ప్రోగ్రామ్ ఎలా అల్లి ఉందో అలాగే ఉంచి, అది చూసుకునే చిన్న మెమరీలో కొన్ని అంకెలు మార్చి, దిగడం రద్దయిపోయిందని కంప్యూటర్‌ను ముందే నమ్మించేశాడు. రద్దయినదాన్ని మళ్లీ రద్దు చేయాలని అది మీట వైపు చూడదు. ఆ అంకెలను ఎడ్గార్ మిచెల్ మీటల పలక మీద ఒక్కొక్కటిగా నొక్కాడు. దిగారు. మెమరీలో ఏ అంకె ఎక్కడుందో, అల్లికలోని ఏ ఆదేశం దాన్ని ఎప్పుడు చూస్తుందో తెలిసినవాడికే సాధ్యమైన పని అది.

అపోలో తర్వాత అంతరిక్షంలో ఈ పద్ధతికి పని లేకుండా పోయింది, సిలికాన్ చిప్పులు చవకయ్యాయి. మాడ్యూళ్లు కొన్ని మ్యూజియంలకూ, కొన్ని వ్యక్తుల దగ్గరికీ చేరాయి. 2018, 2019లలో కార్ల్ క్లాంచ్, మైక్ స్టీవార్ట్, కెన్ షెరిఫ్, మార్క్ వెర్డియెల్ కలిసి ఒక పాత అపోలో కంప్యూటర్‌ను బాగుచేసి మళ్లీ నడిపించారు. స్టీవార్ట్ రోప్ మాడ్యూళ్లను చదివే పరికరం కూడా తయారు చేశాడు. ఉంగరాలకు కరెంటు తగిలిస్తే తీగల్లో తుళ్లింతలు వచ్చాయి, బిట్లు బయటపడ్డాయి. కాగితపు ప్రతులు మిగలని కొన్ని ప్రోగ్రాములు అలా ఈ మాడ్యూళ్లలోంచే తిరిగి దొరికాయి. అపోలో ప్రోగ్రాములు ఇవాళ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లెవరైనా వాటిని తెచ్చుకుని, ఆ మీటల పలక బొమ్మ మీద నొక్కి నడుపుకోవచ్చు.